గౌరీమనోహరికి మూడు పుట్టుకలు

జాజ్ గిటార్ నేర్చుకునే తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: "మెలోడిక్ మైనర్ అంటే ఏముంది, మన గౌరీమనోహరే కదా!" స్వరాలు పక్కపక్కన పెట్టి చూస్తే కాదనడానికి లేదు. షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. సి దగ్గర మొదలుపెడితే సి, డి, ఇ-ఫ్లాట్, ఎఫ్, జి, ఎ, బి. ఏడుకి ఏడూ సరిపోతాయి.

ఆ మాట వెనకాలే ఇంకో మాట కూడా వస్తుంది: "మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారు." నాకు పేచీ ఈ రెండో మాటతోనే. రెండు ఊళ్ళలో ఒకే ఇంటిపేరు కనిపించినంత మాత్రాన వాళ్ళు చుట్టాలని చెప్పలేం. ఈ ఏడు స్వరాల వరస ప్రపంచంలో కనీసం మూడు చోట్ల, మూడు వేరువేరు అవసరాల కోసం పుట్టింది. యూరప్‌లో గొంతు కోసం, మన దగ్గర లెక్క కోసం, జాజ్‌లో కార్డ్ కోసం. అవసరం వేరైతే వాడకం వేరవుతుంది, వినే చెవి కూడా వేరవుతుంది.

ఈ తేడాని చూడటానికి గోదావరి డెల్టా మంచి చోటు. మేళకర్తలన్నిటినీ చిన్నతనంలోనే చుట్టి వచ్చిన గాయకుడు ఒకరు అక్కడ పుట్టారు. జాజ్ గిటారిస్టు పక్కన ఏళ్ళ తరబడి కూర్చుని వాయించిన మాండొలిన్ విద్వాంసుడూ అక్కడే పుట్టాడు. వాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు ఆ మూడు పుట్టుకలూ చూసి రావాలి.

గొంతు కోసం

యూరప్ శాస్త్రీయ సంగీతంలో మేజర్, మైనర్ అనే రెండు పద్ధతులు స్థిరపడ్డాక మైనర్‌తో ఒక చిక్కు వచ్చింది. మైనర్ సహజ రూపం మన నఠభైరవి స్వరాలే. అందులో ఉన్నది కైశికి నిషాదం, పై షడ్జానికి రెండు అరస్వరాల దూరంలో ఉంటుంది. వాళ్ళకి పాట ముగింపులో పంచమం మీద కట్టిన కార్డ్ నుంచి షడ్జం మీద కట్టిన కార్డ్‌కి రావడం చాలా ముఖ్యం. కార్డ్ అంటే ఒకేసారి మోగే మూడు, నాలుగు స్వరాల గుత్తి. ఆ రాకలో ఇంటికి చేరినట్టు అనిపించాలంటే నిషాదం షడ్జాన్ని ఆనుకుని ఉండాలి. అందుకని దాన్ని ఒక అరస్వరం పైకి జరిపారు. అలా వచ్చినదానికి హార్మోనిక్ మైనర్ అని పేరు. మన లెక్కలో కీరవాణి.

ఒక చిక్కు తీరితే ఇంకోటి తయారైంది. శుద్ధ ధైవతానికీ కాకలి నిషాదానికీ మధ్య ఇప్పుడు మూడు అరస్వరాల గంతు పడింది. నలుగురు నాలుగు వరసలు కలిపి పాడే సంగీతంలో ఆ గంతు గొంతుకి సాఫీగా ఉండదు. కాబట్టి పైకి వెళ్ళేటప్పుడు ధైవతాన్ని కూడా ఒక అరస్వరం పెంచారు. కిందకి దిగేటప్పుడు షడ్జానికి చేరాలన్న తొందర లేదు కనక ధైవతం, నిషాదం రెండిటినీ మళ్ళీ తగ్గించేశారు. మన భాషలో చెప్పాలంటే ఆరోహణలో గౌరీమనోహరి, అవరోహణలో నఠభైరవి. మెలోడిక్ మైనర్ అన్న పేరులోనే కారణం ఉంది. అది మెలడీ నడక కోసం చేసిన సర్దుబాటు.

ఇక్కడ ఒక తమాషా. వాళ్ళు ఏ గంతు చూసి ఇబ్బంది పడ్డారో, మనకి ఆ గంతే ముద్దు. కీరవాణిలో ధైవతం నుంచి నిషాదానికి ఎక్కే ఆ ఎడం వల్లే ఆ రాగానికి ఆ జాలి వచ్చింది. రాజమండ్రికి గోదావరి అవతలి గట్టున ఉన్న కొవ్వూరులో 1961లో పుట్టిన ఒక పిల్లాడికి ఆ రాగం పేరే పెట్టారు. 2023లో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు'కి బహుమతి అందుకున్న ఎం.ఎం. కీరవాణి ఆయనే. యూరప్ బృందగానం సర్దుకుని తప్పుకున్న స్వరాల వరస ఒకటి, కొవ్వూరులో కొడుక్కి పెట్టుకునే పేరైంది.

లెక్క కోసం

మన దగ్గర గౌరీమనోహరి పుట్టుకకి గొంతు ఇబ్బందితో గానీ ముగింపు కార్డ్‌తో గానీ సంబంధం లేదు. 17వ శతాబ్దంలో వేంకటమఖి 'చతుర్దండీ ప్రకాశిక'లో ఒక పట్టిక వేశాడు. షడ్జ పంచమాలు కదలవు. రిషభ గాంధారాలని ఆరు రకాలుగా జత చేయొచ్చు, ధైవత నిషాదాలని ఆరు రకాలుగా, మధ్యమం రెండు రకాలు. ఆరు ఆర్లు ముప్పై ఆరు, దానికి రెండింతలు 72. ప్రోగ్రాం రాసేవాళ్ళకి ఇది చూడగానే అర్థమవుతుంది: ఒక లూపులో ఇంకో లూపు, దానిలో మరొకటి.

ఆ 72 గదుల్లో చాలావాటిలో అప్పటికి రాగం కాపురం లేదు. పట్టిక ముందు వచ్చింది, సంగీతం తర్వాత వచ్చి చేరింది. గదుల నంబర్లు గుర్తుండటానికి కటపయాది సంఖ్య వాడారు, రాగం పేరులోని మొదటి రెండు అక్షరాల్లోనే నంబరు దాచి. 'గౌరీ'లో గకారానికి మూడు, రకారానికి రెండు. 32ని తిప్పి చదివితే 23. గౌరీమనోహరి 23వ మేళం. పేరే సూచిక అయిన ఇంత చక్కటి డేటా స్ట్రక్చర్ ఆ కాలంలో ఇంకెక్కడైనా ఉందా అనిపిస్తుంది.

అయితే ఈ గది గుమ్మం మీద పేరు కూడా ఒకటి కాదు. ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలో 23వ మేళం పేరు గౌరీవేళావళి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో ఆ పేరే ఉంటుంది. తమిళ నేల మీద అచ్చైన ఆ పెద్ద గ్రంథం భాష తెలుగు, లిపి తెలుగు. ఇంకో సంప్రదాయంలో, ఈ రోజు అందరూ నేర్చుకునే సంపూర్ణ మేళ పద్ధతిలో, అదే నంబరుకి గౌరీమనోహరి అని పేరు. త్యాగరాజు 'గురులేక ఎటువంటి' కృతితో ఆ గదిలో దీపం వెలిగింది. ఆ కృతి విన్నవాడికి గౌరీమనోహరి అంటే ఏడు స్వరాలు కావు. ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలి, ఏది ఊగాలి, ఏది ఊగకూడదు అన్న ఒక నడవడిక.

పట్టికలో ఇరుగుపొరుగుని కూడా చూడాలి. 20 నఠభైరవి, 21 కీరవాణి, 22 ఖరహరప్రియ, 23 గౌరీమనోహరి. పాశ్చాత్య సంగీతం మైనర్ అనే ఒకే గొడుగు కింద పెట్టి, అవసరాన్ని బట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారిపోయే రూపాలు ఇవే. మనకి అవి వరసగా నాలుగు ఇళ్ళు. గోడలు ఆనుకుని ఉన్నా ఎవరి వంట వాళ్ళదే. కీరవాణి పాడుతూ పాడుతూ ఒక్కసారి చతుశ్రుతి ధైవతం పట్టుకుంటే, అది పక్కింటి గిన్నె అని ముందు వరసలో కూర్చున్న మామ్మగారికి కూడా తెలిసిపోతుంది.

కార్డ్ కోసం

మూడో పుట్టుక 20వ శతాబ్దం అమెరికాలో. జాజ్‌వాళ్ళు యూరప్ మెలోడిక్ మైనర్‌ని తీసుకుని, దిగేటప్పుడు మారడం అన్న నియమాన్ని తీసేశారు. ఎక్కినా దిగినా అవే ఏడు స్వరాలు. స్వరాల వరకు చూస్తే ఇది అచ్చంగా గౌరీమనోహరి. కానీ దీనికి అవసరం ఎక్కడ వచ్చింది?

జాజ్‌లో పాట నడుస్తున్నంతసేపూ వెనకాల కార్డ్‌లు మారుతూ ఉంటాయి, ఒక్కోసారి ప్రతి రెండు అక్షరాలకీ. సోలో వాయించేవాడు మారుతున్న ఆ నేల మీద అడుగు తప్పకుండా పరిగెత్తాలి. ముఖ్యంగా పంచమం మీద కట్టిన కార్డ్ దగ్గర. ఇంటికి చేరే ముందు మలుపు అది. అక్కడ ఎంత బిగువు పెంచితే ఇంటికి చేరడం అంత హాయిగా ఉంటుంది. 1940లలో బీబాప్ వచ్చిన దగ్గర్నుంచి ఆ బిగువు పెంచే పద్ధతుల వెతుకులాట పెరిగింది.

ఒక ఉదాహరణ చెబుతాను. జి సెవెన్ కార్డ్ నుంచి సికి చేరాలి. జి కార్డ్ మోగుతుండగా జి స్కేల్ కాకుండా, ఒక్క అరస్వరం పైనున్న ఎ-ఫ్లాట్ మెలోడిక్ మైనర్ వాయిస్తారు. వినడానికి అసంబద్ధంగా ఉంటుంది. స్వరాలు లెక్కపెట్టి చూస్తే గుట్టు తెలుస్తుంది. కార్డ్‌ని కార్డ్‌గా నిలబెట్టే జి, బి, ఎఫ్ మూడూ అందులో ఉన్నాయి. మిగిలిన నాలుగూ (ఎ-ఫ్లాట్, బి-ఫ్లాట్, డి-ఫ్లాట్, ఇ-ఫ్లాట్) ఉండాల్సిన చోటు నుంచి ఒక అరస్వరం అటూ ఇటూ జరిగి ఉంటాయి. గోడలు అలాగే ఉంచి, ఇంట్లో సామానంతా చిందరవందర చేసినట్టు. దీన్ని ఆల్టర్డ్ స్కేల్ అంటారు. మన భాషలో, ఎ-ఫ్లాట్ షడ్జంగా ఉన్న గౌరీమనోహరిని దాని నిషాదం నుంచి వాయించడం.

గిటార్‌కి ఇది మరీ అనువైన విషయం. పియానోలో శ్రుతి మారితే తెల్ల మీటలు, నల్ల మీటల అమరిక మారిపోతుంది, వేళ్ళు మళ్ళీ నేర్చుకోవాలి. గిటార్ మీద ఒక వేళ్ళ అమరిక వచ్చాక దాన్ని అలాగే పైకీ కిందకీ జరపొచ్చు. మైనర్ పాటల్లో మాటిమాటికీ వచ్చే మూడు కార్డ్‌ల వరస ఒకటుంది: డి హాఫ్-డిమినిష్డ్, జి సెవెన్, సి మైనర్. మొదటిదానికి ఎఫ్ మెలోడిక్ మైనర్, రెండోదానికి ఎ-ఫ్లాట్, మూడోదానికి సి. లావు తీగ మీద ఒకటో ఫ్రెట్, నాలుగో ఫ్రెట్, ఎనిమిదో ఫ్రెట్. చెయ్యి అదే, అమరిక అదే, చోటు మాత్రమే మారుతుంది. మూడు కార్డ్‌లకీ ఒకే రాగం, మూడు షడ్జాలతో.

ఈ సిద్ధాంతాన్ని పుస్తకాల్లో పెట్టడం తర్వాతి మాట. వాయించడం ముందు జరిగింది. మైల్స్ డేవిస్ 1954లో రికార్డు చేసిన 'సోలార్' బాణీ మైనర్ కార్డ్ మీద కాకలి నిషాదంతో మొదలవుతుంది. ఆ మొదటి స్వరాలని మైల్స్ సమాధి రాయి మీద కూడా చెక్కారు. అసలు ఆ బాణీని చక్ వేన్ అనే గిటారిస్టు 1946లోనే 'సన్నీ' అన్న పేరుతో రికార్డు చేశాడు. నొటేషన్ చదవడం రాని వెస్ మాంట్గోమరీ బొటనవేలితో మీటుతూ, ఏ కార్డ్ వచ్చినా దాని మీద ఏదో ఒక మైనర్ వరసని పరిచేవాడు. ప్యాట్ మార్టినో ఆ పద్ధతినే ఒక బోధనగా మార్చాడు: కార్డ్ ఏదైనా కానీ, దాన్ని ముందు మైనర్‌గా తర్జుమా చేసుకో, తర్వాత వాయించు. 1995లో వచ్చిన మార్క్ లెవీన్ 'జాజ్ థియరీ బుక్' ఇంకో అడుగు ముందుకి వేసింది. ఒక మెలోడిక్ మైనర్‌లోంచి పుట్టే కార్డ్‌లన్నీ ఒకదాని బదులు ఇంకోటి వాడుకోవచ్చు, వాటిలో తప్పించుకోవాల్సిన స్వరమంటూ లేదు అని చెప్పింది.

మనకీ వాళ్ళకీ దారులు చీలేది సరిగ్గా ఇక్కడే.

ఏడు తలుపులు

ఒకే స్వరాల వరసని వేరే స్వరం దగ్గర షడ్జం పెట్టి పాడితే ఇంకో రాగం వస్తుంది. దీన్ని గ్రహభేదం అంటాం. గౌరీమనోహరి రిషభాన్ని షడ్జం చేస్తే నాటకప్రియ, పదో మేళం. మధ్యమాన్ని చేస్తే వాచస్పతి, 64. పంచమాన్ని చేస్తే చారుకేశి, 26. ఈ మూడూ మనకి వేరువేరు ఇళ్ళు. వాచస్పతిలో త్యాగరాజు 'కంటజూడుమి', చారుకేశిలో 'ఆడమోడి గలదే' చేశాడు. రెండిటి మధ్యా చుట్టరికం ఉందని చెవికి తట్టను కూడా తట్టదు. ఒకటి నిలదీసినట్టుంటుంది, ఇంకోటి బుజ్జగించి అడిగినట్టుంటుంది. జాజ్‌వాళ్ళ పేర్లలో వాచస్పతి అంటే లిడియన్ డామినెంట్, చారుకేశి అంటే మిక్సోలిడియన్ ఫ్లాట్ సిక్స్. వాళ్ళకి ఇవి ఒకే ఇంటి వేరువేరు తలుపులు. ఏ తలుపు తీసుకుని వచ్చినా లోపలున్నది అదే హాలు.

మరి మిగిలిన మూడు తలుపుల సంగతేమిటి? గాంధారం, ధైవతం, నిషాదం దగ్గర షడ్జం పెట్టి చూడండి. మూడింట్లోనూ పంచమం దొరకదు. పంచమం లేని మేళకర్త లేదు కనక ఈ మూడిటికీ 72 గదుల్లో చోటు లేదు. నిషాదం దగ్గర మొదలుపెడితే రెండు గాంధారాలు వస్తాయి, ధైవతం దగ్గర మొదలుపెడితే రెండు మధ్యమాలు, గాంధారం దగ్గర రెండు ధైవతాలు. మన లెక్కలో వీటికి డోర్ నంబర్ లేదు.

జాజ్ గిటారిస్టు రోజూ తట్టే తలుపులు వీటిలోనే ఉన్నాయి. ఇందాకటి ఉదాహరణలో జి సెవెన్ మీద వాయించింది నిషాదం తలుపు, డి హాఫ్-డిమినిష్డ్ మీద వాయించింది ధైవతం తలుపు. "మనకి ముందే ఉంది" అనే మాట నిలబడనిది ఇక్కడే. ఏడు స్వరాలు మనకి ఉన్నాయి, నిజమే. జాజ్ వాటిని దేనికోసం చేరదీసిందో ఆ పని మన పట్టికలో లేదు. అది లోటు కూడా కాదు. తంబురా మీద షడ్జ పంచమాలు మోగుతూనే ఉండే సంగీతానికి, పంచమం లేని ఇల్లు కట్టుకోవాల్సిన అగత్యం రాలేదు.

మన కచేరీల్లో గ్రహభేదం లేదా అంటే ఉంది. జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం లాంటివాళ్ళు ఆలాపన మధ్యలో చేసి చూపించేవారు, దాని మీద వాదోపవాదాలూ జరిగాయి. కానీ అది కాసేపటి మెరుపు. తంబురా మారదు. గాయకుడు శ్రోత చెవిని మోసం చేసి, వేరే షడ్జం దగ్గర నిలబెట్టి, చప్పట్లు పడేలోపు మళ్ళీ అసలు షడ్జానికి తీసుకొచ్చేస్తాడు. జాజ్‌లో అదే రోజువారీ భోజనం. అక్కడ నేల నిజంగానే కదులుతుంది.

వశిష్ఠకి అటూ ఇటూ

ఇప్పుడు డెల్టాకి వద్దాం. వశిష్ఠ గోదావరికి తూర్పున, కోనసీమలో రాజోలు వైపు శంకరగుప్తం ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో అక్కడ పుట్టారు. పడమటి వైపు పాలకొల్లు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావుల ఊరు అది. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో అక్కడ పుట్టాడు.

బాలమురళి కుర్రతనంలోనే 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టారు. 1952లో 'జనక రాగ కృతి మంజరి' పేరుతో అవి పుస్తకంగా వచ్చాయి. వేంకటమఖి పట్టికలోని ప్రతి గదిలోనూ ఒక దీపం పెట్టి రావడం అనుకోవచ్చు. తర్వాత ఆయన ఎదురు దారి కూడా పట్టారు. నాలుగే స్వరాలతో లవంగి, మహతి లాంటి రాగాలు చేశారు. గదులు నింపిన మనిషే, రాగానికి ఇన్ని స్వరాలు ఉండాలన్న గోడని తోసి చూశారు. పట్టికని భక్తితో కంఠస్థం చేసినవాడికి, దాన్ని ఒక పనిముట్టుగా చూసినవాడికి మధ్య తేడా అది.

శ్రీనివాస్ దారి వేరు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ని ఆరేళ్ళ పిల్లాడు చేతిలోకి తీసుకున్నాడు. వాసూరావు అనే గిటారిస్టు దగ్గర పాశ్చాత్య సంగీతం పరిచయమైంది. ఆ తర్వాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు నేర్పడం మొదలుపెట్టారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. మొత్తం కథకి కీలకం ఇదే అనుకుంటాను. వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవాళ్ళు లేరు కనక, గొంతు చేసే ప్రతిదాన్నీ ఫ్రెట్ల మీద ఎలా తేవాలో ఆ పిల్లాడే కనిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఎందుకంటే మాండొలిన్ గమకానికి శత్రువు. వయొలిన్‌కి ఫ్రెట్లు లేవు, వేలు ఎక్కడికైనా జారుతుంది. వీణకి మెట్లున్నా అవి ఎత్తుగా ఉండి, మెట్టుకీ మెట్టుకీ మధ్య తీగని లాగడానికి చోటు ఉంటుంది. మాండొలిన్‌కి పొట్టి మెడ, ఇరుకు ఫ్రెట్లు, రెండేసి జంట తీగలు, మీటిన వెంటనే చచ్చిపోయే నాదం. శ్రీనివాస్ ఆ జంట తీగలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నాడు, విద్యుత్ మాండొలిన్‌కి మారాడు. ఒంటి తీగ కాబట్టి లాగొచ్చు, ఆంప్లిఫయర్ ఉంది కాబట్టి నాదం నిలుస్తుంది. చూడటానికి అది చిన్న ఎలక్ట్రిక్ గిటార్ లాగే ఉండేది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. 1981లో మద్రాసు. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవం.

అదే సమయానికి అవతలి దిక్కు నుంచి ఒకతను ఇటు నడిచొస్తున్నాడు. జాన్ మెక్‌లాఫ్లిన్ 1970ల మొదట్లో అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1975లో ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్‌లతో 'శక్తి' మొదలుపెట్టినప్పుడు అతని చేతిలో ఉన్న గిటార్‌ని ఏబ్రహాం వెక్టర్ ప్రత్యేకంగా చేశాడు. అందులో రెండు మార్పులున్నాయి. ఒకటి, ఫ్రెట్ల మధ్య చెక్కని లోపలికి తొలిచారు. వీణ మెట్ల మధ్య ఖాళీలాగే అక్కడ తీగని లాగి గమకం పలికించొచ్చు. రెండోది, మామూలు తీగల కింద ఏటవాలుగా మరో ఏడు తీగలు, శ్రుతి కోసం. అంటే నేల కదిలే సంగీతంలో ఆరితేరిన మనిషి, కదలని నేలని తన గిటార్ మీదే బిగించుకున్నాడు.

1990ల చివర 'శక్తి' మళ్ళీ 'రిమెంబర్ శక్తి'గా వచ్చినప్పుడు అందులో శ్రీనివాస్ చేరాడు. 2000లో వచ్చిన 'ది బిలీవర్', 2001లో వచ్చిన 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' వినండి. గిటార్, మాండొలిన్ మాటకి మాట అందించుకుంటూ, వాక్యాలు చిన్నవి చేసుకుంటూ పోయే చోట్లు ఉంటాయి. అక్కడ కలిసినది స్కేల్ కాదు. స్కేల్ కలవడమే అయితే అది 1975కి ముందే, ఒక కాగితం మీద అయిపోవాలి: ఇటు 23, అటు మెలోడిక్ మైనర్, మధ్యలో ఈక్వల్-టు గుర్తు. నాకు అక్కడ వినిపించేది వేరు. గిటారిస్టు కార్డ్‌ల పరుగు తగ్గించుకుని ఒకే షడ్జం మీద ఓపికగా కూర్చోవడం నేర్చుకున్నాడు. పాలకొల్లు కుర్రాడు ఫ్రెట్లున్న విద్యుత్ వాద్యాన్ని పట్టుకుని ఫ్రెట్లు లేనట్టు వాయించాడు. ఒకరు వీణ మెట్ల మధ్య ఖాళీని గిటార్‌లోకి తెచ్చుకున్నారు, ఇంకొకరు గిటార్ లోకంలోని విద్యుత్తుని త్యాగరాజు కృతుల్లోకి తెచ్చుకున్నారు. ఇచ్చిపుచ్చుకున్నది వాద్యం ఒంట్లో ఉంది. మెట్టులో, తీగలో, నాదం నిలిచే నిడివిలో.

సమీకరణానికి అవతల

"మనకి ముందే ఉంది" అన్న మాట వల్ల నష్టం ఏమిటని అడగొచ్చు. పాపం, చిన్న సంతోషమే కదా. నష్టం రెండు వైపులా ఉంది. అటు వైపు, వెస్ మాంట్గోమరీ చెవితో సంపాదించుకున్నదీ, ప్యాట్ మార్టినో పద్ధతిగా మార్చినదీ మన పట్టికలో ఒక అంకెగా కుంచించుకుపోతాయి. ఇటు వైపు నష్టం ఇంకా పెద్దది. గౌరీమనోహరిని ఏడు స్వరాల స్కేల్‌గా కుదించేస్తే, సుబ్బరాజుగారు పాడితే విని ఆ పాలకొల్లు పిల్లాడు పడిన శ్రమకి అర్థమే ఉండదు. స్వరాలు మాండొలిన్ ఫ్రెట్ల మీద మొదటి రోజే ఉన్నాయి. అతను వెతికింది స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్నదాన్ని. శ్రీనివాస్‌ని "ఫ్యూజన్ ఆర్టిస్ట్" అని ఒక్క ముక్కలో తేల్చేసే వాడుక కూడా ఈ కుదింపు లోంచే వచ్చింది. అతను జాజ్ ఉత్సవానికి వెళ్ళింది కర్ణాటక సంగీతం వాయించడానికి.

2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్ళ వయసులో, చెన్నైలో శ్రీనివాస్ చనిపోయాడు. వెస్ మాంట్గోమరీ 1968లో పోయినప్పుడు అతనికీ 45 ఏళ్ళే. 'శక్తి' బృందం తర్వాత చేసిన 'దిస్ మొమెంట్' ఆల్బమ్‌కి 2024లో గ్రామీ వచ్చింది. అందులో శ్రీనివాస్ చోట గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది. ఆ చోటుకి ఇంకో మాండొలిన్ తేలేదు.

గిటార్ చేతిలో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఫోన్‌లో తంబురా పెట్టుకుని, సి శ్రుతిలో, ఓ పావుగంట గౌరీమనోహరి వాయించండి. తొందరపడకుండా, సాధారణ గాంధారం మీద నిలబడి, కాకలి నిషాదం నుంచి షడ్జానికి ఎన్ని రకాలుగా రావచ్చో చూడండి. తర్వాత తంబురా ఆపేసి, ఇందాక చెప్పిన మూడు కార్డ్‌లని లూప్‌లో పెట్టి, అదే అమరికని ఒకటో ఫ్రెట్, నాలుగో ఫ్రెట్, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర వాయించండి. వేళ్ళకి ఏ తేడా తెలియదు, అవి చేసేది ఒకటే పని. తేడా అంతా చెవికే తెలుస్తుంది. మొదటి పావుగంటలో ఒక స్వరం మీద ఎంతసేపైనా నిలబడొచ్చు, రెండోదాంట్లో నిలబడితే కిందనున్న నేల వెళ్ళిపోతుంది.